పెరోల్: ఒకే మాట, నాలుగు అర్థాలు, ఒక పోలీసు రిపోర్టు

హర్యానాలో రోహ్‌తక్ దగ్గరున్న సునారియా జైలు గేటు తెరుచుకున్నప్పుడల్లా మన టీవీల్లో కూడా వార్తే. ఇద్దరు శిష్యురాళ్లపై అత్యాచారం చేసిన కేసులో 2017 ఆగస్టులో 20 ఏళ్ల శిక్ష పడిన డేరా సచ్చా సౌదా అధిపతి గుర్మీత్ రామ్ రహీమ్ మళ్లీ బయటికొచ్చాడని చెబుతారు. 2024 అక్టోబరులో హర్యానా అసెంబ్లీ ఎన్నికలకు సరిగ్గా ముందు 20 రోజులు. 2025 జనవరి చివర్లో, ఢిల్లీ ఎన్నికలకు వారం ముందు, 30 రోజులు. చూసినవాళ్లకు ఒకటే అనిపిస్తుంది: అసలు ఈ పెరోల్ అనేదాన్నే ఎత్తేస్తే పోదా?

ఆ కోపం న్యాయమైనదే. నాకూ వచ్చింది. కానీ ఆ కోపంతో నిబంధనలు బిగిస్తే ఆ బిగింపు ఎవరి మెడకు చుట్టుకుంటుందో చూడాలంటే చర్లపల్లి జైలు దగ్గరో, రాజమహేంద్రవరం సెంట్రల్ జైలు దగ్గరో ములాఖత్ కోసం వరసలో నిలబడినవాళ్లను తలుచుకోవాలి. కూతురి పెళ్లికి నాలుగు రోజులు పంపమని దరఖాస్తు పెట్టుకుని, జవాబు రాక, పెళ్లి అయిపోయాక తిరస్కరణ కాగితం అందుకునేవాడి ఇంటివాళ్లు నిలబడేది అక్కడే. వాళ్ల గురించి టీవీలో రాదు.

ముందు మాట దగ్గరున్న చిక్కు విప్పుకుందాం. మన పత్రికల్లో పెరోల్ అనే ఒక్క మాటను నాలుగు వేరువేరు సంగతులకు వాడేస్తున్నాం.

మొదటిది అసలు పెరోల్. శిక్ష పడిన ఖైదీకి ఒక కారణం మీద కొద్ది రోజులు ఇచ్చే విడుదల ఇది. ఇంట్లో చావు, జబ్బు, పెళ్లి, పొలం పనులు, కూలిన ఇల్లు. కారణం చూపించాలి, రుజువు పెట్టాలి. రెండోది ఫర్లో. దీనికి ప్రత్యేకంగా కారణం అక్కర్లేదు. ఏళ్ల తరబడి నాలుగు గోడల మధ్య ఉన్న మనిషి కుటుంబంతో తెగిపోకుండా, సత్ప్రవర్తన చూసి ఇచ్చే సెలవు. మూడోది శిక్ష పూర్తి కాకముందే చేసే శాశ్వత విడుదల. ఆగస్టు 15కో, గాంధీ జయంతికో ప్రభుత్వం జీవో ఇచ్చి వందమందినో రెండొందలమందినో వదిలేసేది ఇదే. నాలుగోది మధ్యంతర బెయిలు. ఇది ఎక్కువగా ఇంకా శిక్షే పడని విచారణ ఖైదీకి కోర్టు ఇచ్చేది, పెరోల్‌తో సంబంధం లేనిది. 2022 చివరి నాటికి దేశంలోని జైళ్లలో ఉన్న 5,73,220 మందిలో శిక్ష పడినవాళ్లు 1,33,415 మందే. అంటే ఈ వ్యాసమంతా దాదాపు నలుగురిలో ఒకరి గురించి. మిగతావాళ్లలో దాదాపు అందరూ విచారణ ఖైదీలే. వాళ్ల కష్టం వేరు, దానికి వేరే వ్యాసం రాయాలి.

అమెరికా వార్తలు చదివేవాళ్లకు ఇంకో గందరగోళం. అక్కడ పెరోల్ అంటే సెలవు కాదు. శిక్షలో కొంత జైల్లో గడిపాక బోర్డు వదిలేస్తే, మిగతా కాలం బయటే ఒక అధికారి నిఘాలో గడపడం. డాలస్‌లో ఉన్న మన చుట్టం 'ఫలానావాడు పెరోల్‌లో ఉన్నాడు' అంటే ఏళ్ల సంగతి. కడపలో అదే మాట అంటే రోజుల సంగతి. వాళ్ల పెరోల్‌కు దగ్గరగా మన దగ్గరున్నది మూడోది, షరతులతో ముందస్తు విడుదల. తేడా ఏమిటంటే మన దగ్గర షరతులున్నాయి గానీ, ఆ షరతుల మధ్య బతకడానికి తోడుగా నిలబడే మనిషి లేడు.

చట్టంలో లేని హక్కు

మన జైళ్లను ఇప్పటికీ చాలావరకు నడిపిస్తున్నది 1894 నాటి ప్రిజన్స్ యాక్ట్. బ్రిటిష్‌వాళ్లు రాసిన ఆ చట్టంలో పెరోల్ అనే మాటే లేదు. జైళ్లు రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల పరిధిలోవి కాబట్టి, ఆ చట్టం కింద నిబంధనలు చేసుకునే అధికారంతో ఒక్కో రాష్ట్రం తనకు తోచినట్టు రాసుకుంది. అందుకే హర్యానాలో 2022 చట్టం ప్రకారం అర్హుడైన ఖైదీకి ఏడాదికి 10 వారాల పెరోల్, 3 వారాల ఫర్లో దొరుకుతాయి. కలిపితే ఏడాదిలో పావు వంతు. ఢిల్లీలో 2018 నిబంధనల్లో కస్టడీ పెరోల్ అని ఒకటి ఉంది: పోలీసులే వెంట తీసుకెళ్లి, ప్రయాణం కాక 6 గంటలకు మించకుండా, అంత్యక్రియలకో పెళ్లికో చూపించి వెనక్కి తెస్తారు. మన దగ్గర ఉమ్మడి రాష్ట్రంలో 1981లో చేసిన నిబంధనలున్నాయి. వాటి పేరులోనే కిటుకుంది: పెరోల్‌పై శిక్ష నిలుపుదల నిబంధనలు.

నిలుపుదల అనే మాట దగ్గర కాసేపు ఆగాలి. ఖైదీ కుటుంబాల్లో చాలామందికి తెలియని లెక్క ఇక్కడే ఉంది. ఫర్లో మీద ఇంట్లో గడిపిన రోజులు మామూలుగా శిక్షలో కలుస్తాయి. పెరోల్ మీద గడిపిన రోజులు కలవవు, గడియారం ఆగిపోతుంది. 14 ఏళ్లు లోపల ఉన్నాకే ముందస్తు విడుదలకు అర్హుడయ్యే మనిషి, ఆ మధ్యలో తల్లి జబ్బుకీ చెల్లెలి పెళ్లికీ కలిపి 10 నెలలు పెరోల్ వాడుకుంటే, 14 ఏళ్ల 10 నెలలు ఆగాలి. గోవా ఖైదీల కేసులో 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటే తేల్చి చెప్పింది. చెబుతూ ఒక కారణం ఇచ్చింది: పెరోల్ రోజులు కూడా లెక్కిస్తే, పలుకుబడి ఉన్న ఖైదీ పదేపదే పెరోల్ తెచ్చుకుని అసలు శిక్ష ఉద్దేశాన్నే దెబ్బతీస్తాడు.

ఆ భయం నిజమే. కానీ చూడండి, పలుకుబడి ఉన్నవాడిని ఆపడానికి చెప్పిన సూత్రం ఏ పలుకుబడీ లేనివాడికీ అంతే గట్టిగా వర్తిస్తోంది. తల్లి చివరి రోజుల్లో పక్కనుండటానికి వెళ్లినవాడు ఆ రోజుల్ని తిరిగి కట్టాలి. పెరోల్ సంస్కరణ చరిత్రంతా దాదాపు ఇలాగే నడిచింది. 2009లో మోడల్ జెస్సికా లాల్ హత్య కేసు దోషి, మాజీ కేంద్ర మంత్రి కొడుకు మను శర్మ, తల్లికి ఒంట్లో బాగోలేదని పెరోల్ తీసుకుని ఢిల్లీ నైట్‌క్లబ్‌లో కనిపించాడు. దేశమంతా గోల అయింది, హైకోర్టు ప్రభుత్వాన్ని నిలదీసింది, 2010లో ఢిల్లీలో కొత్త మార్గదర్శకాలొచ్చాయి. 2020 సెప్టెంబరులో కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు లేఖ రాసింది, పెరోల్ మామూలు తంతుగా ఇవ్వొద్దని, నిబంధనలు మళ్లీ చూసుకోమని. ప్రతిసారీ పెద్దవాడు చేసిన తప్పుకు తలుపు కాస్త మూసుకుంటుంది. పెద్దవాడు ఎలాగూ వేరే తలుపు వెతుక్కుంటాడు.

ఎస్సై బల్ల మీద ఫైలు

నిజానికి తేడా నిబంధనలో కన్నా ఫైలు నడిచే దారిలో ఉంది. దరఖాస్తు జైలు సూపరింటెండెంట్ దగ్గర మొదలవుతుంది. ఖైదీ నడవడిక గురించి చెప్పగలిగేది నిజంగా ఆ జైలువాళ్లే, ఏళ్లుగా రోజూ చూస్తున్నారు కాబట్టి. కానీ ఫైలు మలుపు తిరిగేది అక్కడ కాదు. జిల్లా ఎస్పీకి వెళ్లి, అక్కడి నుంచి ఖైదీ సొంతూరి స్టేషన్‌కు దిగుతుంది. ఆ ఊళ్లో పదేళ్లుగా అడుగుపెట్టని మనిషి గురించి, నిరుడు బదిలీ మీద వచ్చిన ఎస్సై రిపోర్టు రాయాలి. 'విడుదల చేస్తే గ్రామంలో శాంతిభద్రతలకు భంగం కలిగే అవకాశం ఉంది' అని ఒక్క వాక్యం రాస్తే ఆయనకు ఏ ఇబ్బందీ ఉండదు. పంపమని రాసి, రేపు ఏదైనా జరిగితే? ఆ టెన్షన్ ఎవరు పడతారు? వద్దని రాసినందుకు ఏ అధికారినీ ఎవరూ సంజాయిషీ అడగరు. వ్యవస్థ తయారైందే కాదనడానికి అనువుగా.

ఆ ఒక్క వాక్యం ఎంత తేలిగ్గా తిరగబడుతుందో చెప్పే తీర్పు మన రాష్ట్రం నుంచే ఉంది. కర్నూలు జిల్లా రాజకీయ కక్షల నేపథ్యంలో జరిగిన హత్యల కేసులో శిక్ష పడిన ఒక నాయకుడికి 2004 ఎన్నికలకు ముందు పెరోల్ ఇవ్వలేదు, జిల్లా అధికారుల రిపోర్టులు వ్యతిరేకంగా ఉన్నాయని. ఆ ఏప్రిల్‌లో ఎన్నికలు జరిగాయి, మే నెలలో ప్రభుత్వం మారింది, ఆయన భార్య ఎమ్మెల్యే అయ్యారు. అదే నెలలో పెరోల్ వచ్చింది, తర్వాత పొడిగింపులొచ్చాయి. 2005 ఆగస్టులో గవర్నర్ మిగతా శిక్షనే తగ్గించేశారు. హతుడి కొడుకు సుప్రీంకోర్టుకెళ్లాడు. ఏపూరు సుధాకర్ కేసుగా లాయర్లకు తెలిసిన ఆ తీర్పు 2006 అక్టోబరులో వచ్చింది. ఖైదీ నడవడికను విచారించే ప్రొబేషన్ అధికారి రిపోర్టులో ఆయన మంచి కాంగ్రెస్ కార్యకర్త అని రాసి ఉండటాన్ని కోర్టు ఎత్తిచూపింది. పార్టీ, కులం, మతం చూసి క్షమాభిక్ష ఇవ్వడం కుదరదంది, ఉత్తర్వును కొట్టేసింది.

ఆ ఊరు మారలేదు, ఆ కేసు మారలేదు, ఆ కక్షలూ మారలేదు. మారింది రిపోర్టు. అందుకే నేను పెరోల్ సంస్కరణ అంటే మొదట ఈ రిపోర్టునే చూస్తాను. 'శాంతిభద్రతలు' అన్న మాట రాస్తే దాని కింద వివరం ఉండాలి: ఎవరు బెదిరింపులు ఎదుర్కొన్నారు, ఎప్పుడు, ఏ ఫిర్యాదు ఆధారంగా. వివరం లేని అభ్యంతరం అభ్యంతరమే కాదని నిబంధనలోనే ఉండాలి. గడువు కూడా. చావు కబురుకు గంటల్లో, జబ్బుకు రోజుల్లో, పెళ్లికి ముహూర్తం లోపల నిర్ణయం రావాలి. గడువులోగా పోలీసు రిపోర్టు రాకపోతే అభ్యంతరం లేనట్టే అనుకుని ముందుకెళ్లే వీలుండాలి. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా, ఖైదీకి తెలిసిన భాషలో ఇవ్వాలి.

పూచీకత్తు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఇద్దరు జామీనుదార్లు, వాళ్లకు ఆస్తి కాగితాలు. సెంటు భూమి లేని కుటుంబంలో పుట్టి, ఉన్న బంధువులూ కూలీలే అయినవాడికి మంజూరైన పెరోల్ కూడా కాగితం మీదే ఉండిపోతుంది. సొంత బాండు మీద పంపడానికి ధైర్యం కావాలంటే కోవిడ్ కాలం గుర్తు చేసుకోవచ్చు. 2020 మార్చి 23న సుప్రీంకోర్టు ప్రతి రాష్ట్రంలో ఉన్నతాధికార కమిటీ వేయించి, కిక్కిరిసిన జైళ్ల నుంచి వేలమందిని పెరోల్ మీద, మధ్యంతర బెయిలు మీద పంపించింది. తిరిగి లొంగిపొమ్మని చివరి ఆదేశం వచ్చింది 2023 మార్చిలో. అన్నాళ్లు అంతమంది బయటున్నారు. ఎవరు వెనక్కి వచ్చారు, ఎవరు రాలేదు, రానివాళ్లు ఎందుకు రాలేదు అని ప్రతి రాష్ట్రం కూర్చుని లెక్క తీస్తే, ఇకపై ఎవరిని నమ్మొచ్చో ఊహలతో కాక అనుభవంతో చెప్పొచ్చు.

యావజ్జీవం అంటే 14 ఏళ్లు కాదు

ఊళ్లలో రెండు మాటలు గట్టిగా పాతుకుపోయాయి. యావజ్జీవం అంటే 14 ఏళ్లే అని ఒకటి. జైల్లో పగలొక రోజు, రాత్రొక రోజు లెక్క అని ఇంకోటి. రెండూ నిజం కాదు. యావజ్జీవం అంటే ప్రాణం ఉన్నంతవరకు అని సుప్రీంకోర్టు 1961లోనే చెప్పింది. 14 అనే అంకె విడుదల తేదీ కాదు. మరణశిక్ష కూడా వేయదగిన నేరానికి యావజ్జీవం పడితే, ప్రభుత్వం కనీసం 14 ఏళ్లు నిండకుండా వదలకూడదనే అడ్డుగీత అది. 1978లో పాత నేర శిక్షాస్మృతిలో 433ఏగా చేరింది, ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 475వ సెక్షన్. అయితే గవర్నర్‌కు రాజ్యాంగం 161వ అధికరణ కింద ఇచ్చిన అధికారానికి ఈ గీత అడ్డురాదు. మన రెండు రాష్ట్రాల్లో 14 ఏళ్లు నిండకుండానే కొందరు విడుదలవడం వెనక ఉన్నది ఆ అధికరణే.

జీవోల మీద విడుదలలు మంచివే, ఎన్నో ఇళ్లలో దీపం వెలిగించాయి. 2024 జులైలో తెలంగాణలో 213 మంది ఒకేసారి బయటికొచ్చారు. 2020లో ఆంధ్రప్రదేశ్ యాభైమందికి పైగా మహిళా జీవిత ఖైదీలను వదిలింది. కానీ జీవో ఎప్పుడు వస్తుందో, అందులో అర్హత ఎన్నేళ్లని రాస్తారో, ఏ సెక్షన్లను పక్కన పెడతారో ఎవరికీ తెలియదు. ఆగస్టు దగ్గరపడుతుంటే జైల్లో ఎవరికీ నిద్ర పట్టదు. ఒక మనిషి జీవితం ఏటా లాటరీలా మారకూడదు. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం ఈ విషయంలో పెద్ద మలుపు: రాష్ట్రానికి విధానం అంటూ ఉంటే, అర్హత వచ్చిన ప్రతి ఖైదీ కేసునూ, అతను దరఖాస్తు పెట్టినా పెట్టకపోయినా, ప్రభుత్వమే పరిశీలించాలి. విధానం లేని రాష్ట్రాలు రెండు నెలల్లో చేసుకోవాలి. చదువు రానివాడు, లాయరు లేనివాడు, అడగాలని తెలియనివాడు మరుగున పడిపోకుండా చూసే మాట ఇది.

ఇదే నాణేనికి రెండో వైపు కూడా చూడాలి, లేకపోతే మాట్లాడేది సగం న్యాయమే. 2022 ఆగస్టు 15న గుజరాత్ ప్రభుత్వం, 2002 అల్లర్లలో సామూహిక అత్యాచారానికి గురైన బిల్కిస్ బానో కేసులో 11 మంది దోషుల్ని వదిలేసింది. ఆమెకు ముందుగా ఎవరూ చెప్పలేదు. 2024 జనవరి 8న జస్టిస్ నాగరత్న, జస్టిస్ భుయాన్‌ల ధర్మాసనం ఆ విడుదలలను కొట్టేసి రెండు వారాల్లో లొంగిపొమ్మంది. శిక్ష పడింది మహారాష్ట్రలో కాబట్టి గుజరాత్‌కు ఆ అధికారమే లేదంది. తనపై ఘోరం చేసినవాళ్లు బయటికొస్తున్నారని బాధితురాలు టీవీ చూసి తెలుసుకోవడం ఎంత అన్యాయం! పెరోల్ అయినా, ముందస్తు విడుదల అయినా, బాధిత కుటుంబానికి ముందుగా కబురు, తమ భయం చెప్పుకునే అవకాశం నిబంధనలో ఉండి తీరాలి. వాళ్ల మాట ఒక్కటే నిర్ణయం కానక్కర్లేదు. కానీ ఆ మాట ఫైల్లో ఉండాలి. నిజానికి ఎస్సై ఒక్క వాక్యం కన్నా వాళ్ల మాటకే బరువెక్కువ.

బయట ఎవరున్నారు?

ఇక నిఘా. మన దగ్గర దీని రూపం చాలా సాదా: ఫలానా రోజుల్లో స్టేషన్‌కు వచ్చి సంతకం పెట్టు, జిల్లా దాటొద్దు, మంచిగా ఉండు. ఈ 'మంచిగా ఉండు' దగ్గరే గుజరాత్ ఖైదీ ఒకరి కేసు 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. విడుదలయ్యాక రెండేళ్లపాటు మర్యాదగా నడుచుకోవాలని షరతు. మర్యాద అంటే ఏమిటో చట్టంలో ఎక్కడా లేదు, అధికారికి నచ్చకపోతే చాలు లోపల వేసేయొచ్చు, కాబట్టి ఇలాంటి షరతు చెల్లదని జస్టిస్ ఓకా, జస్టిస్ మసీహ్ చెప్పారు. కేసు నమోదైనంత మాత్రాన విడుదల దానంతటదే రద్దు కాదని, నోటీసు ఇవ్వాలి, మాట వినాలి అని కూడా అన్నారు. స్వేచ్ఛ ఒకసారి ఇచ్చాక దాన్ని తీసుకోవడానికి ఒక పద్ధతి ఉండాలి కదా.

కేంద్రం 2023లో తయారుచేసి రాష్ట్రాలకు పంపిన నమూనా జైళ్ల చట్టం ఇంకో దారి చూపిస్తోంది: ఎలక్ట్రానిక్ ట్రాకింగ్ పరికరం పెట్టుకోవడానికి ఖైదీ ఒప్పుకుంటే సెలవు ఇవ్వొచ్చు, ఉల్లంఘిస్తే సెలవు రద్దు, ఆపై ఎప్పటికీ అనర్హత. పోలీసు అభ్యంతరం వల్ల పూర్తిగా ఆగిపోయే వాళ్లకు కాలికి పట్టీ కట్టుకునైనా తల్లిని చూసి రాగలిగితే, దాన్ని నేను తీసిపారేయను. అయితే ఒప్పుకోకపోతే జైలే అయినప్పుడు ఆ ఒప్పుకోలుకు అర్థమేముంది? పొలంలో సిగ్నల్ పోతే, ఛార్జింగ్ అయిపోతే అది పారిపోవడమా? ఒక్క తప్పుకు జీవితాంతం అనర్హత ఏం న్యాయం? బెయిలు మీదున్న మనిషి ఎప్పుడూ గూగుల్ మ్యాప్‌లో తన చోటు చూపించాలన్న షరతును 2024 జులైలో సుప్రీంకోర్టు వ్యక్తిగత గోప్యతకు భంగమని కొట్టేసింది. పెరోల్ ఖైదీకి అంత గోప్యత ఉండకపోవచ్చు, కానీ అసలు లేదనలేం.

అమెరికాలోని న్యూయార్క్ ఈ విషయంలో నేర్చుకున్న పాఠం మనకు పనికొస్తుంది. అక్కడ పెరోల్ మీద బయటున్నవాళ్లు కొత్త నేరమేదీ చేయకపోయినా, అధికారి అపాయింట్‌మెంట్ తప్పినందుకో, చెప్పిన వేళకు ఇంటికి చేరనందుకో పెద్ద సంఖ్యలో మళ్లీ జైలుకెళ్లేవారు. నిఘా అనేది జైలుకు వెనక తలుపుగా తయారైంది. 2021 సెప్టెంబరులో అక్కడ ఒక చట్టం తెచ్చారు. ఇలాంటి చిన్న తప్పులకు చాలావరకు జైలు లేదు, ఉన్నా 30 రోజులకు మించదు. 30 రోజులు షరతులన్నీ పాటిస్తే నిఘా కాలంలో 30 రోజులు తగ్గుతాయి. భయపెట్టడం తగ్గించి, బాగా ఉన్నందుకు లాభం చూపించారు.

మన దగ్గర అంత పెద్ద నిఘా యంత్రాంగమే లేదు కాబట్టి, మొదటి నుంచే సరిగ్గా కట్టుకునే వీలుంది. 14 ఏళ్ల తర్వాత బయటికొచ్చిన మనిషికి ఆధార్ అప్‌డేట్ ఉండదు, బ్యాంకు ఖాతా ఉండదు, ఫోన్‌లో డబ్బు పంపడం తెలియదు, ఊళ్లో ఎవరూ పనికి పిలవరు. అతనికి స్టేషన్ సంతకం కన్నా ముందు కావలసింది ఒక ప్రొబేషన్ అధికారి. ఇంటికొచ్చి, పనేదైనా దొరికిందా, ఎదుటి కుటుంబంతో మాటలున్నాయా అని అడిగే మనిషి. తెలంగాణలో జైళ్ల శాఖ నడిపే పెట్రోల్ బంకుల్లో విడుదలైన కొందరికి ఉద్యోగాలిస్తున్నారు. రోజూ డ్యూటీకి వస్తున్నాడా లేదా అన్న హాజరు పట్టీ ఏ కాలిపట్టీకీ తీసిపోని నిఘా. పైగా నెల తిరిగేసరికి చేతిలో జీతం కూడా ఉంటుంది.

నిబంధనలు మారేదాకా కుటుంబాలు ఆగలేవు. ఇప్పుడు చేతిలో ఉన్నవి చెబుతాను. దరఖాస్తు ఇచ్చినప్పుడు తేదీతో అందినట్టు రసీదు అడగండి. చావు, జబ్బు, పెళ్లి, ఏదైనా సరే రుజువు కాగితం మొదటి రోజే జతచేయండి. తిరస్కరిస్తే ఉత్తర్వు కాపీ రాతలో అడగండి, నోటిమాటకు విలువ లేదు. కాపీ ఇవ్వకపోయినా, నెలలు గడిచినా, 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్ వేయొచ్చు. లాయరుకు డబ్బు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో సంబంధం లేకుండా ఆ హక్కు ఉంది. ఫోన్ నంబరు 15100.

జైలు లోపలికి పారాలీగల్ వాలంటీరు (ఖైదీలకు న్యాయ సాయం చేసే మనిషి) వచ్చే రోజు ఏదో ములాఖత్‌లో కనుక్కోండి. 14 ఏళ్లు ఎప్పటికి నిండుతాయో, పెరోల్ రోజులు ఎన్ని తీసేయాలో, రిమిషన్ (సత్ప్రవర్తనకు శిక్షలో ఇచ్చే తగ్గింపు) ఎంత కలిసిందో అతని చేత లెక్క వేయించి ఒక కాగితం మీద రాయించి ఇంట్లో పెట్టుకోండి. ఆ తేదీ వచ్చిన రోజున, ఎవరూ పిలవకపోయినా, ఆ కాగితంతో సూపరింటెండెంట్ దగ్గరికి వెళ్లండి.